చుక్కల గోడ
(సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళన సందర్భమున డుమస్ సముద్రతీరమున జరిగిన సభలో చదువబడిన ప్రసంగపాఠము)



డుమస్ తీరమునకు తొలిసారి వచ్చిన తెలుగువారు ముందుగా గమనించునది ఇసుక రంగు. విశాఖపట్టణమునందో భీమునిపట్టణమునందో సముద్రమును చూచి పెరిగినవారికి ఈ నల్లని ఇసుక వింతగా తోచును. తపతీనది సముద్రమున కలియు ఈ ప్రాంతమున కొన్నాళ్ళు కాపురమున్నవారు మాత్రము మరియొక సంగతిని గమనింతురు. అది గాలి. ఈ ఉప్పుగాలికి కిటికీ ఊచలు త్రుప్పుపట్టును, సైకిలు గొలుసు బిగిసిపోవును, తలుపు గడియ రెండు వర్షాకాలములు గడచునంతలో మొరాయించును. ఇవియన్నియు కంటికి కనబడు త్రుప్పులు. కంటికి కనబడని త్రుప్పు ఒకటి కలదు. అది ఇంటి కప్పులో, దూలములో, కాంక్రీటు మాటున ఇనుపకడ్డీకి పట్టునది. ఇనుము త్రుప్పుగా మారినపుడు దాని పరిమాణము రెండింతలు మొదలు ఆరింతల వరకు పెరుగును. లోపల చోటు లేని ఆ త్రుప్పు కాంక్రీటును బయటికి నెట్టును. అప్పుడు కప్పుమీద ఒక సన్నని గీత కనబడును.

ఆ గీతను మొట్టమొదట చూచునది సాధారణముగా గృహిణి. పిల్లలు పండుకొను చోట పైకప్పున వెండ్రుకవాసి బీట కనబడినదని ఆమె చెప్పును. గృహస్థు ఫిర్యాదు వ్రాసి యిచ్చును. కొన్ని దినములకు ఎవరో వచ్చి చూచి, ఇది పూతమీది బీటయే గాని కాంక్రీటుది కాదని చెప్పి పోవుదురు. అనేక పర్యాయములు ఆ మాట నిజమే. కాని నిజము కానప్పుడెట్లు? ఇంటిల్లిపాదికిని కావలసిన సమాధానము ఒక్కటే: ఈ బీట పుట్టి ఆగిపోయినదా, లేక నేటికిని సాగుచున్నదా?

ఈ ప్రశ్నకు పాతకాలపు ఓవర్సీరులు ఒక చక్కని ఉపాయమును కనిపెట్టిరి. బీటకు అడ్డముగా ఒక సన్నని గాజుముక్కను రెండు ప్రక్కల గచ్చుతో అతికి, ప్రక్కన తేదీ వ్రాసి పోవుదురు. కొన్ని మాసముల తరువాత వచ్చి చూచినపుడు గాజు పగిలియున్నచో బీట కదలినదని అర్థము. ఇంతకంటె చవుకయైన సాధనము మరియొకటి లేదు. అయితే గాజు చెప్పునది అవును, కాదు అను రెండు మాటలే. ఎంత కదలినది, ఏ వైపునకు కదలినది, విచ్చుకొన్నదా లేక ప్రక్కకు జారినదా అను ప్రశ్నలకు పగిలిన గాజుముక్క జవాబు చెప్పజాలదు.

1938లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వేర్వేరు చోట్ల విద్యుత్ నిరోధముపై ఆధారపడిన స్ట్రెయిన్ గేజిని రూపొందించిరి. సాగినపుడు సన్నని తీగ యొక్క విద్యుత్ నిరోధము మారును. ఆ మార్పును కొలిచి సాగుదలను తెలిసికొనవచ్చును. కాంక్రీటు దూలములపై దీనిని అంటించి పరీక్షించుట నేటికిని జరుగుచునే యున్నది. అది మిక్కిలి నిశితమైన సాధనము. దాని లోపమెల్ల ఒక్కటే. అంటించిన చోటునుగూర్చి మాత్రమే చెప్పును. కాంక్రీటు అనునది కంకర, ఇసుక, సిమెంటు కలిసిన మిశ్రమము గనుక అది ఎచ్చట పగులునో ముందుగా చెప్పుట కష్టము. పెండ్లివారు తూర్పు గుమ్మమున మంగళవాద్యములతో ఎదురుచూచుచుండగా వియ్యాలవారు పడమటి గుమ్మమున దిగినట్లు, గేజి ఒకచోట ఉండగా బీట జానెడు దూరమున తన దారిన తాను పోవును.

గోడ మొత్తమును ఒకేసారి చూడగల సాధనమేదైన కలదా అను ప్రశ్నకు సమాధానముగా వచ్చినదే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. పేరు పెద్దది; విషయము కదలికకు ముందు తీసిన చిత్రమును తరువాత తీసిన చిత్రముతో పోల్చుటయే. అమెరికాలోని దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయమున పీటర్స్, రాన్సన్ అను వారు 1982లో దీని మూలభావనను ప్రకటించిరి. మరుసటి సంవత్సరమున సట్టన్ మొదలగువారు దానిని మెరుగుపరచిరి. ఆనాటి కంప్యూటర్ల శక్తి స్వల్పము, కెమెరాలు మోటువి. నేడు విద్యార్థి జేబులోని ఫోనులో ఉన్న కెమెరా ఆనాటి ప్రయోగశాల కెమెరాను మించినది.

ఈ పద్ధతికి మొదట కావలసినవి చుక్కలు. కాంక్రీటు ముఖమునకు మెరుపులేని తెల్లరంగు పూసి, దానిపై నల్లని చుక్కలను చిలకరింతురు. ఈ చుక్కలకు వరుస ఉండరాదు. సూరతు నగరమున మగ్గములపై పనిచేయు తెలుగు పద్మశాలీ కుటుంబములు వేలకొలదిగ ఉన్నవి. వారికి ఈ సంగతి ఇట్టే అర్థమగును. గళ్ళ లుంగీని సరిగా ఒక గడి ప్రక్కకు జరిపి చూపినచో, అది జరిగినదో లేదో చూచువారు చెప్పలేరు. ఏ గడి చూచినను ప్రక్క గడివలెనే యుండును. సంక్రాంతి ముగ్గునకు పెట్టు చుక్కలును అంతే. ఇచ్చట కావలసినది ముగ్గుచుక్కల క్రమము గాదు, కళ్ళాపి చల్లినపుడు వాకిట పడు తుంపరల అక్రమము. అప్పుడు ఏ చిన్న భాగమును చూచినను దాని పోలిక మరియొక చోట ఉండదు. మనిషి ముఖమువలె ప్రతి భాగమునకు దాని గుర్తు దానికే యుండును. చుక్క మరీ చిన్నదైనను పనికిరాదు, మరీ పెద్దదైనను పనికిరాదు. చిత్రమున మూడు మొదలు ఐదు పిక్సెళ్ళ వెడల్పు కలిగియున్న చుక్క మంచిదని అనుభవజ్ఞుల మతము.

కంప్యూటరునకు చిత్రమనగా అంకెల పట్టిక. ప్రతి పిక్సెలునకు దాని నలుపు తెలుపుల పాలును తెలుపు ఒక అంకె యుండును. సాధారణముగా 0 అనగా కటిక నలుపు, 255 అనగా శుద్ధమైన తెలుపు. మొదటి చిత్రమున, నిలువున 21, అడ్డమున 21 పిక్సెళ్ళు గల ఒక చదరమును తీసికొన్నచో అందులో 441 అంకెలుండును. బరువు వేసిన తరువాత తీసిన రెండవ చిత్రమున ఈ 441 అంకెల పొందికకు మిక్కిలి దగ్గరగా ఉన్న చోటు ఏదియని కంప్యూటరు వెదకును. దొరికినచో, మొదటి స్థానమునకును రెండవ స్థానమునకును గల దూరమే ఆ బిందువు యొక్క కదలిక. ఆ చదరము కొంచెము సాగియుండవచ్చును, వంగియుండవచ్చును. దానిని గూడ లెక్కలోనికి తీసికొనియే పోలిక చూచును. ఈ పనిని చిత్రమంతటను వేలకొలది చదరములకు చేసినచో, గోడ యొక్క ప్రతి భాగమును ఎటు ఎంత కదలినదో తెలుపు పటము సిద్ధమగును.

ఇందులో అసలు గొప్పతనము పిక్సెలులో భాగమును గూడ కొలువగలుగుటయందున్నది. కాంక్రీటు సాగుదలను ఓర్వలేని పదార్థము. లాగినపుడు మీటరు పొడవున సుమారు 0.1 మిల్లీమీటరు సాగునంతలో పగులుటకు సిద్ధమగును. 400 మిల్లీమీటర్ల వెడల్పు గల గోడభాగమును 4000 పిక్సెళ్ళలో చిత్రించితిమని లెక్కకు తీసికొన్నచో, ఒక పిక్సెలు 0.1 మిల్లీమీటరునకు సమానము. పగులుటకు ముందు ఆ భాగమంతయు కలిసి సాగునది 0.04 మిల్లీమీటరు, అనగా పిక్సెలులో సగము గూడ లేదు! పూర్తి పిక్సెళ్ళను మాత్రమే లెక్కించు సాధనమైనచో ఏమియు జరుగలేదని చెప్పియుండును. కాని అంకెల నడుమ ఉండవలసిన విలువలను గణితముతో పూరించి, మంచి వెలుతురు, మంచి కెమెరా, మంచి చుక్కలు ఉన్నపుడు, పిక్సెలులో నూరవ వంతు వరకు కదలికను పట్టవచ్చును. పై లెక్కలో అది మిల్లీమీటరులో వేయవ వంతు.

అయినను నిజము చెప్పవలయును. కదలికనుండి సాగుదలను లెక్కకట్టునపుడు చిన్న పొరపాట్లు పెరిగి పెద్దవగును. అందువలన పగులుటకు ముందు కాంక్రీటు పొందు అతిసూక్ష్మమైన సాగుదలను ఈ పద్ధతితో నమ్మకముగా కొలుచుట కష్టము. అచ్చట పాత స్ట్రెయిన్ గేజియే మేలు. ఈ పద్ధతి పగులు ఆరంభమైన పిమ్మట తన బలమును చూపును. కంటికి ఏమియు కనబడక ముందే పటముపై ఒక సన్నని చార వెలయును. ఆ చారకు ఇరుప్రక్కల నున్న చదరములు ఒకదానినుండి ఒకటి తొలగుచుండును. కొంతసేపటికి చూపరులకు బీట కనబడునది సరిగా ఆ చార వెంబడినే.

కాంక్రీటునకు ఈ విద్యను అన్వయించిన చరిత్రలో గుజరాతుతో సంబంధము గల పేరు ఒకటి కలదు. వల్లభ్ విద్యానగరములోని బిర్లా విశ్వకర్మ మహావిద్యాలయమున 1959లో పట్టము పొందిన సురేంద్ర షా, అమెరికాలోని నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, కాంక్రీటు ఎట్లు పగులుననుటయే తన జీవితకృషిగా చేసికొనెను. 1997లో ఆయనయు, చోయి అను మరియొక పరిశోధకుడును కలసి, ఒత్తిడికి గురియైన కాంక్రీటు ఉపరితలమున వికృతి ఎట్లుండునో చిత్రములను పోల్చి కొలిచి ప్రకటించిరి. పుస్తకములలో కాంక్రీటు అంతటను ఒకే తీరున నలుగునని భావించి లెక్కలు కట్టుదురు. కంకరరాయి ఉన్నచోట ఒక తీరు, సిమెంటు ముద్ద ఉన్నచోట మరియొక తీరుగా ఉండునని చిత్రములు చెప్పును.

ఆయన వద్ద పరిశోధన చేసిన తెలుగువారిలో ఆచార్య కొల్లూరు సుబ్రహ్మణ్యము ఒకరు. తరువాత ఆయన హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఆచార్యులైరి. 2006లో ఆయన సహచరులతో కలసి ప్రకటించిన పరిశోధన, పాత కట్టడముల మరమ్మతులతో సంబంధము గలవారు తెలిసికొనదగినది. బలహీనపడిన దూలమునకు నారతో చేసిన పల్చని పట్టీని జిగురుతో అతికి బలమిచ్చు పద్ధతి కలదు. పట్టీ గట్టిదే, కాంక్రీటు గట్టిదే. నడుమ నున్న అతుకు ఎప్పుడు ఊడునన్నదే సందేహము. వారు ఈ చిత్రముల పద్ధతితో పట్టీమీదను, ప్రక్కనున్న కాంక్రీటుమీదను వికృతిని కొలిచిరి. బరువును మోయునది అతుకు మొత్తము కాదనియు, ఒక పరిమితమైన పొడవు మాత్రమేననియు, ఊడుట ఆరంభమైన పిమ్మట ఆ పొడవు పట్టీ వెంబడి ముందుకు జరుగుచు పోవుననియు తేలినది. కనుక పట్టీని ఎంత పొడవుగా అతికినను ఒక హద్దు దాటిన తరువాత అదనపు బలము రాదు. మరమ్మతు బిల్లును చూచువారికి ఇది పనికివచ్చు మాట.

ప్రయోగశాలలో ఇంత చక్కగా పనిచేయు పద్ధతి డుమస్ వంటి చోట ఆరుబయట ఎట్లు పనిచేయును? చిక్కులన్నియు అచ్చటనే మొదలగును. ఒకే కెమెరాతో చూచినపుడు గోడ కెమెరావైపు జరిగినచో చిత్రము పెద్దదగును; పెద్దదైన చిత్రమును కంప్యూటరు సాగుదలగా భ్రమించును. మీటరు దూరమున కెమెరా నిలిపి యుండగా గోడ ఒక్క మిల్లీమీటరు ముందుకు వంగినచో, లేని సాగుదల వేయింట ఒక వంతుగా కనబడును. కాంక్రీటు పగులుటకు కావలసిన దానికి అది పది రెట్లు! చిత్రమును నమ్మి పటము గీచిన ఇంజనీరు, చెక్కుచెదరని గోడను కూలినదిగా ప్రకటింపవచ్చును. ఈ లోపమును తొలగించుటకు మనిషికి రెండు కన్నులున్నట్లు రెండు కెమెరాలను ఉపయోగింతురు. ఈ పద్ధతిని 1993లో సట్టన్ బృందమువారే ప్రకటించిరి. రెండు చూపులనుబట్టి దూరము తెలియును గనుక ముందుకు వంగుట వేరుగా, సాగుట వేరుగా కనబడును.

కెమెరాలు రెండైనను గాలిని ఆపజాలవు. సముద్రపుగాలికి కెమెరా నిలిపిన ముక్కాలిపీట వణకును. మధ్యాహ్నపు ఎండలో నేలనుండి లేచు వేడిగాలి దృశ్యమును అలలు అలలుగా కదలించును. తారురోడ్డుపై దూరమున నీరున్నట్లు కనబడుట అందరు ఎరిగినదే. నీడ జరిగినచో నలుపు తెలుపుల అంకెలు మారును. వీటన్నిటికి మించి కాంక్రీటు తానే ఎండకు వ్యాకోచించును. డిగ్రీ వేడి పెరిగినచో మీటరునకు సుమారు 0.01 మిల్లీమీటరు పెరుగును. ఉదయమునకు మధ్యాహ్నమునకు పది డిగ్రీలు తేడా ఉన్నచో పది మీటర్ల కప్పు ఒక మిల్లీమీటరు పెరుగును. ఉదయము ఒక చిత్రము, అపరాహ్ణము ఒక చిత్రము తీసి పోల్చినవాడు సూర్యుని పనిని బరువునకు అంటగట్టును. అందువలన తెలిసినవారు సూర్యోదయమునకు ముందే పని ముగింతురు, లేదా ఉష్ణోగ్రతను వ్రాసికొని దాని భాగమును తీసివేయుదురు. బరువేమియు వేయకుండనే వరుసగా పది చిత్రములు తీసి, వాటిలో కనబడు కదలిక ఎంతయో ముందు చూతురు. ఏమియు కదలనిచోట సాధనము ఎంత కదలిక చూపునో అది దాని అబద్ధము యొక్క కొలత. ఈ ఒక్క పరీక్ష చేయనివాని పటములకు ఎన్ని రంగులున్నను విలువ తక్కువ.

కాపురమున్న ఇంటికి ఇది పనికివచ్చు సందర్భము బరువు పరీక్ష. భారతీయ ప్రమాణము 456, 2000 సంవత్సరపు ప్రతి ననుసరించి, అనుమానాస్పదమైన కప్పుపై దాని స్వంత బరువు గాక, మోయవలసిన అదనపు బరువునకు ఒకటింబావు రెట్లు వేసి 24 గంటలుంచవలయును. తరువాత ఆ అదనపు బరువు తీసివేసినపుడు, 24 గంటలలో కప్పు తాను వంగినదానిలో నూటికి 75 వంతులైన వెనుకకు రావలయును. రానిచో 72 గంటలు గడచిన పిమ్మట మరల పరీక్షింపవచ్చును; అప్పుడును నూటికి 80 వంతులు రానిచో ఆ కట్టడము అంగీకారయోగ్యము కాదు. సాధారణముగా కప్పు క్రింద నాలుగైదు డయల్ గేజులు నిలిపి ఈ వంపును కొలుతురు. చుక్కల పద్ధతి యైనచో దూలము ప్రక్క మొత్తము కొలతకు వచ్చును. పాత బీట ఈ బరువునకు విచ్చుకొన్నదా, బరువు తీసినపుడు మూసికొన్నదా అనునది గూడ తెలియును. బరువు తీసినపుడు మూసికొను బీట వేరు, విచ్చుకొని అట్లే నిలిచిపోవు బీట వేరు. మరియొక సౌకర్యము ఏమనగా, కొలుచువారు కప్పు క్రింద నిలువనక్కరలేదు.

అదే ప్రమాణము సాధారణ పరిస్థితులలో బీట వెడల్పు 0.3 మిల్లీమీటరు మించరాదనియు, తీవ్రమైన పరిస్థితులలో 0.1 మిల్లీమీటరు వరకే ఉండవలయుననియు సూచించుచున్నది. సముద్రతీరపు గాలికి గురియగు కాంక్రీటు తీవ్ర వర్గములోనిది. డుమస్ లో కట్టు ఇంటికి కడ్డీపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు కావలయును. దానిని 20 మిల్లీమీటర్లతో సరిపెట్టినచో, తరువాత ఎన్ని కెమెరాలు పెట్టినను ఆ లోటు తీరదు.

ఈ సాధనమునకు చూపు ఉపరితలమువరకే. కడ్డీ లోపల త్రుప్పుపట్టుచున్నను కాంక్రీటు ముఖము కదలనంతవరకు చుక్కలు నిశ్చలముగనే యుండును. అందుకొరకు సుత్తితో తట్టి, కుండను వ్రేలితో మీటి చూచినట్లు, డొల్లధ్వని వినుట అను పాత విద్య నేటికిని కావలయును. గోడకు గచ్చుపూత ఉన్నచో చుక్కలు పూత కదలికను చెప్పునే గాని కాంక్రీటు కదలికను చెప్పవు. పూత చెక్కివేసి రంగు వేయవలయును. ఇల్లు పాడుచేయుటకు వచ్చినారా అని గృహిణి అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే.

అన్నిటికంటె పెద్ద పరిమితి మరియొకటి. ఈ పద్ధతి చెప్పునది మొదటి చిత్రమునుండి నేటివరకు జరిగిన మార్పును మాత్రమే. మొదటి చిత్రమునకు ముందు జరిగినది దానికి తెలియదు. 2001 జనవరి 26వ తేదీన, గణతంత్ర దినోత్సవపు ఉదయమున, భుజ్ ప్రాంతమున వచ్చిన భూకంపము మూడువందల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న సూరతులో గూడ ప్రాణములు తీసినది. ఆ దినమున కూలక నిలిచిన భవనములు ఆ కుదుపునకు ఎంత కదలినవో, ఎచ్చట లోపల బీట వారినవో, ఏ కెమెరాయు ఇప్పుడు చెప్పజాలదు. ముందటి చిత్రము ఎవరివద్దను లేదు. 2025 జూలై 9వ తేదీన మహీనదిపై గంభీరా వంతెనలో ఒక భాగము విరిగి వాహనములతో కూడ నదిలో పడినది. అది 1985లో రాకపోకలకు తెరువబడిన వంతెన. ఆధారపీఠమును కీలుభాగమును నలిగిపోయినవని ప్రాథమిక విచారణలో తేలినట్లు ప్రభుత్వపక్షమున ప్రకటింపబడినది. నలుగుట అనునది ఒక్క ఉదయమున జరుగు పని కాకపోవచ్చును. కీలు దగ్గర నలువది సంవత్సరములలో ఏటేట ఒకే చోటునుండి, ఒకే ఋతువున, ఒకే వేళ తీసిన నలువది చిత్రములు ఉన్నచో, వాటిని పోల్చుటకు పెద్ద ప్రయోగశాల అవసరముండెడిది కాదు.

సూరతునుండి డుమస్ వచ్చు మార్గమున 1961లో స్థాపింపబడిన ఇంజనీరింగు కళాశాల, నేటి సర్దార్ వల్లభ్ భాయి జాతీయ సాంకేతిక సంస్థ, కలదు. తెలుగు పిల్లలు అనేకులు అందు చదివినారు, చదువుచున్నారు. చిత్రములను పోల్చు ప్రోగ్రాములు కొన్ని ఉచితముగనే లభించుచున్నవి. సెలవులలో ఒక సిమెంటు దిమ్మపై చుక్కలు చిలకరించి, నొక్కుచు ఫోనుతో చిత్రములు తీసి చూచుట సివిల్ ఇంజనీరింగు విద్యార్థికి కష్టమైన పని కాదు.

విద్యార్థులు లేని ఇండ్లలో గూడ చేయదగినది కొంత కలదు. కప్పున బీట కనబడినచో దాని రెండు కొనలను పెన్సిలుతో గుర్తించి ప్రక్కన తేదీ వేయవలయును. ప్రక్కన ఒక స్కేలు ఆనించి ఫోటో తీయవలయును. మూడు మాసముల తరువాత అదే చోట నిలిచి, అదే వేళకు, అదే స్కేలుతో మరల తీయవలయును. పెన్సిలు గుర్తును దాటి బీట పోయినచో, ఫిర్యాదుతో రెండు ఫోటోలను జతపరచి పంపవలయును. సున్నము వేయు పనివారు వచ్చినపుడు మాత్రము ఆ గుర్తులను చెరుపవలదని ముందుగానే చెప్పియుంచవలయును.